తపాలా ముద్ర చెప్పే మాట



పోయిన నెల మన గోడపత్రికలో చాలామంది "నాకు ఇష్టమైన ఆట" అని రాశారు. నాకు ఆటలు అంతగా రావు. ఖోఖోలో నన్ను ఏ టీమూ తీసుకోదు, ఆ సంగతి మీ అందరికీ తెలిసిందే. కానీ నాకు ఒక అలవాటు ఉంది. పాత ఉత్తరాల మీద ఉండే తపాలా ముద్రలు సేకరిస్తాను. "స్టాంపులు సేకరించేవాళ్ళను చూశాం గాని, ఈ నల్ల మరకలు ఏరుకునేదాన్ని నిన్నే చూశాం" అని మా డార్మెటరీలో అందరూ నవ్వుతారు. ఆ నల్ల మరకలో ఏముంటుందో చెప్పాలనే ఈ వ్యాసము రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది. భోజనం బెల్లుకు ముందు సగం, తరువాత సగం చదువుకోండి.

ఇది ఎలా మొదలైందంటే

మా ఊరు కూనవరం దగ్గర, శబరి ఒడ్డున. శబరి వచ్చి గోదావరిలో కలిసేది కూనవరం దగ్గరే. 2022 జులైలో వరద వచ్చినప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మా ఇల్లు కప్పుదాకా మునిగింది. మేం గుట్ట మీద టార్పాలిన్లు కట్టుకుని ఉన్నాం. నీళ్ళు తీశాక ఇంటికి వెళ్తే, మా తాత రేకుపెట్టె బురదలో బోర్లాపడి ఉంది. అందులో పట్టా కాగితాలు, రేషన్ కార్డు, ఒక ఉత్తరాల కట్ట. పట్టా కాగితాలు ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి కాబట్టి బతికాయి. ఉత్తరాలు మాత్రం ముద్దయిపోయాయి.

మా అమ్మ వాటిని పారేద్దామంది. తాత వద్దన్నాడు. నేను ఒక్కొక్క కార్డునూ విడదీసి, నీడలో పాత చీర మీద ఆరబెట్టాను. ఆరాక చూస్తే ఒక వింత కనిపించింది. ఇంకు పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలైపోయాయి. బాల్ పెన్ రాతలు అక్కడక్కడ మిగిలాయి. కానీ పోస్టాఫీసువాళ్ళు కొట్టిన నల్లముద్రలు మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు!

బడికి వచ్చాక సైన్స్ సార్‌ని అడిగాను. ఇంకు పెన్ను సిరా నీళ్ళతో చేస్తారట, అందుకే నీళ్ళు తగిలితే కరిగిపోతుంది. ముద్ర వేసే సిరా నూనెతో చేస్తారు. నూనె నీళ్ళలో కరగదు కదా. పైగా ఇనుప ముద్రతో గట్టిగా కొడతారు కాబట్టి సిరా కాగితంలోకి ఇంకుతుంది. స్టాంపును కడిగి ఎవరూ మళ్ళీ వాడుకోకూడదని అలాంటి సిరా వాడతారని సార్ చెప్పారు. ఉత్తరంలోని మాట కొట్టుకుపోయినా, ఏ ఊరినుంచి, ఏ రోజున వచ్చిందో ముద్ర చెప్తోంది. ఆ రోజునుంచే నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

ముద్ర ఎందుకు పుట్టింది?

స్టాంపు కంటే ముద్రే పెద్దది, అంటే వయసులో. ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ ఇంగ్లండులో 1840లో వచ్చింది. దాని పేరు పెన్నీ బ్లాక్. కానీ తేదీ ముద్ర అంతకు దాదాపు 180 ఏళ్ళ ముందే, 1661లో వచ్చింది. ఆ రోజుల్లో "మా ఉత్తరాలు ఆలస్యంగా వస్తున్నాయి, మీవాళ్ళు దారిలో ఆపేస్తున్నారు" అని జనం గొడవ చేసేవారు. హెన్రీ బిషప్ అనే ఆయన అక్కడి తపాలా అధికారి. ఆయన ఒక చిన్న గుండ్రటి ముద్ర చేయించాడు. గుండ్రానికి అడ్డంగా ఒక గీత. ఒక సగంలో నెల, ఇంకో సగంలో తేదీ. అంతే. ఊరి పేరు లేదు, సంవత్సరం కూడా లేదు. ఉత్తరం తమ చేతికి ఏ రోజు వచ్చిందో దాని మీదే కొట్టేస్తే, ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది కదా. దాన్ని ఇప్పటికీ బిషప్ ముద్ర అంటారు.

అంటే ముద్ర పుట్టిందే "ఆలస్యం ఎవరిది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా ఇంటి సంగతి చెప్పేటప్పుడు మళ్ళీ అవసరం అవుతుంది.

స్టాంపులు వచ్చాక ముద్రకు రెండో పని కూడా పడింది. వాడిన స్టాంపును మళ్ళీ వాడకుండా దాని మీద కొట్టడం. పెన్నీ బ్లాక్ నల్లగా ఉండేది కాబట్టి మొదట దాని మీద ఎర్రసిరాతో కొట్టారు. ఆ ఎరుపును జనం తుడిచేసి స్టాంపు మళ్ళీ అంటించడం మొదలుపెట్టారు! దాంతో 1841లో స్టాంపు రంగు ఎరుపుకు మార్చి, ముద్ర నలుపు చేశారు. ఏ కాలంలోనైనా మనుషులు మనుషులే.

మన దేశంలో ఎలా?

మన దేశంలో మొదటి స్టాంపులు 1852లో సింధులో వచ్చాయి. దేశమంతటికీ ఒకే స్టాంపు, ఒకే రేటు 1854 అక్టోబరు 1 నుంచి మొదలయ్యాయి. పావు తులం బరువుండే ఉత్తరానికి అర్ధణా. దూరం ఎంతైనా అంతే. 1879 జులై 1న పోస్టుకార్డు వచ్చింది. ధర పావలా కాదు, పావు అణా!

మొదట్లో స్టాంపు మీద కొట్టే ముద్రలో ఊరి పేరు ఉండేది కాదు. గళ్ళో గీతలో ఉండి, వాటి మధ్యలో ఒక నంబరు ఉండేది. ఏ నంబరు ఏ ఊరిదో పోస్టాఫీసువాళ్ళ జాబితాలో ఉండేది. ఈనాటి సేకరణకర్తలు పాత కవర్ల మీద నంబరు ముద్రనూ, పక్కన ఊరి పేరున్న ముద్రనూ పోల్చి చూసుకుని, ఫలానా నంబరు ఫలానా ఊరిదని తేల్చుకుంటారు. మన లెక్కల సార్ సమీకరణాలు చేయించినట్టే.

ఇంకో ముచ్చట. ఒక చోట కొత్తగా పోస్టాఫీసు పెట్టాలంటే ముందు ప్రయోగంగా పెట్టి చూసేవారు. ఆదాయం వస్తే ఉంచేవారు, రాకపోతే ఎత్తేసేవారు. అలాంటి కొన్ని ఆఫీసుల ముద్రలో ఊరి పేరు ఉండదు. "ఎక్స్‌పెరిమెంటల్ పి.ఓ." అని రాసి, కింద ఒక అక్షరం, ఒక నంబరు ఉంటాయి. నిలబడుతుందో లేదో తెలియని ఆఫీసుకు ఊరి పేరుతో ముద్ర చెక్కించడం దండగ కదా. మన డార్మెటరీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెల పెట్టె మీద పేరు రాయకుండా నంబరు వేస్తారే, అలాగన్నమాట.

నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది. వాళ్ళ స్టాంపులు 1869లో మొదలయ్యాయి. వాటిలో కొన్నిటి మీద ఉర్దూతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా ఉండేవి. 1950లో ఆ తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. కాబట్టి గోదావరికి అటు ఊరి కవరు, ఇటు ఊరి కవరు పక్కపక్కన పెడితే, ఆ కాలంలో అవి రెండు వేరువేరు రాజ్యాల కవర్లు!

స్వాతంత్య్రం వచ్చిన నాటికి దేశం మొత్తంలో 23,344 పోస్టాఫీసులు ఉన్నాయి. తరువాత లక్షా అరవై వేలు దాటాయి. అందులో పదింట తొమ్మిది వంతులు పల్లెటూళ్ళలోనే. ప్రపంచంలో ఇంకే దేశానికీ ఇన్ని పోస్టాఫీసులు లేవు.

ముద్రను చదివే పద్ధతి

మన బడి నుంచి అక్టోబరు 9న, అంటే ప్రపంచ తపాలా దినం నాడు, పోస్టాఫీసు చూడ్డానికి తీసుకెళ్ళారు కదా. (1874లో ఆ తేదీనే స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో అన్ని దేశాల తపాలా సంఘం ఏర్పడింది.) మీరంతా బయట ఉసిరికాయలు కొనుక్కుంటున్నప్పుడు నేను లోపల పోస్టుమాస్టరు గారి దగ్గర నిలబడ్డాను. ఆయన ముద్ర నా చేతికిచ్చి చూపించారు. చెక్కపిడి, కింద ఇనుప బిళ్ళ. ఊరి పేరు చుట్టూ చెక్కి ఉంటుంది, అది మారదు. మధ్యలో తేదీ, నెల, సంవత్సరం చిన్న చిన్న ముక్కలు. పొద్దున్నే వాటిని మార్చి, ముందు ఒక పుస్తకంలో కొట్టి సరిచూసుకుంటారట.

ముద్రలో చూడవలసినవి ఇవి:

1. పై అంచున ఊరి పేరు. పేరు పక్కన "బి.ఓ." అంటే బ్రాంచి ఆఫీసు, మన పల్లెల్లో ఉండేది. "ఎస్.ఓ." అంటే సబ్ ఆఫీసు. "హెచ్.ఓ." అంటే హెడ్డాఫీసు. "ఆర్.ఎం.ఎస్." అని ఉంటే రైల్వే తపాలా, స్టేషన్లలోనూ రైల్లోనూ ఉత్తరాలు వేరుచేసేవాళ్ళు కొట్టింది.

2. మధ్యలో తేదీ. కొన్నిటిలో టైము కూడా ఉంటుంది.

3. "డెలివరీ" అని ఉంటే అది చేరిన ఊళ్ళో కొట్టిన ముద్ర. పాత కార్డుల మీద చాలాసార్లు రెండు ముద్రలు కనిపిస్తాయి. స్టాంపు మీద బయలుదేరిన ముద్ర, ఖాళీ జాగాలో చేరిన ముద్ర. ఈ రెండు తేదీలకు మధ్య ఉన్నదే ప్రయాణం.

4. భాష. పాతవాటిలో ఇంగ్లీషు ఒక్కటే. స్వాతంత్య్రం తరువాతవాటిలో హిందీ కూడా చేరింది.

5. పిన్ కోడు. 1972 ఆగస్టు 15న పిన్ కోడు పెట్టారు. కాబట్టి ముద్రలో ఆరంకెల పిన్ ఉంటే ఆ ముద్ర అంతకు ముందుది కానే కాదు.

6. ముద్ర కింద ఉన్న స్టాంపు. అణాలలో ధర ఉంటే 1957కు ముందు అచ్చయిన స్టాంపు. "నయా పైసలు" అని ఉంటే 1957 నుంచి 1964 లోపుది. సంవత్సరం చెరిగిపోయిన ముద్రకు ఇవి బాగా సాయం చేస్తాయి.

పాత ముద్రల్లో ఊరి పేర్లు చూస్తే నవ్వొస్తుంది. విశాఖపట్నం "వైజాగపటం", కాకినాడ "కొకనాడా", ఏలూరు "ఎల్లోర్", విజయవాడ "బెజవాడ". ఇంగ్లీషువాళ్ళకు నోరు తిరిగినట్టు రాసుకున్నారు. మన హాజరుపట్టీలో మన ఇంటిపేర్లు ఎన్ని రకాలుగా ఉన్నాయో చూశారు కదా!

ఒకే ఊరు, ఎన్ని చిరునామాలు!

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. మా ప్రాంతం ఒక్క అడుగు కూడా జరగలేదు. గుట్టలు అవే, శబరి అదే. కానీ చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి.

భద్రాచలం వైపు ప్రాంతం 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సులలో ఉంది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి వేరుపడ్డాక మాది తూర్పు గోదావరి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో మమ్మల్ని ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు పోలవరం ముంపు మండలాలని మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు, తూర్పు గోదావరికి కలిపారు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది.

మా తాత పుట్టింది తూర్పు గోదావరిలో, పెళ్ళయింది ఖమ్మంలో, మా అన్న పెళ్ళి చూసింది అల్లూరి జిల్లాలో. తాత మాత్రం ఆ ఇల్లు వదలలేదు! ఇప్పటికీ మా వైపు పిన్ కోడు 507తో మొదలవుతుంది. అది ఖమ్మం వైపు నంబరు. జిల్లా మారింది, పిన్ మాత్రం పాత చుట్టరికం వదల్లేదు.

ఈ మార్పులన్నీ సోషల్ పుస్తకంలో ఒకచోట దొరకవు. కానీ వరసగా పది కవర్లు పెడితే వాటి మీద చిరునామాలూ ముద్రలూ ఈ కథంతా చెప్తాయి. ఇంకో సంగతి కూడా. మా ఊరు ముంపు లిస్టులో ఉంది. ఊరు లేచిపోతే గుడి రాయిని తీసుకెళ్తారు, పశువులను తోలుకెళ్తారు. పోస్టాఫీసు ముద్రను ఎవరు తీసుకెళ్తారు? ఆ పేరుతో ముద్ర కొట్టడం ఆగిపోతే, "ఇక్కడ ఈ పేరుతో ఒక ఊరుండేది, దానికి ఉత్తరాలు వచ్చేవి" అని చెప్పడానికి పాత కార్డులే మిగులుతాయి. అందుకే నేను మొదట మన ఏజెన్సీ ఊళ్ళ ముద్రలే ఏరుతున్నాను. ఢిల్లీ ముద్ర, బొంబాయి ముద్ర ఎవరైనా దాస్తారు.

నేను చేసిన తప్పు

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయాలి. మొదట్లో నాకు ఏమీ తెలియక, తాత కార్డుల్లో ఆరింటిని కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, ముద్రలను మాత్రం నోటుబుక్కులో బంకతో అంటించాను. ఎంతో అందంగా ఉందనుకున్నా. సోషల్ మేడంకి చూపిస్తే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇది ఎవరికి వచ్చింది? ఏ ఊరికి చేరింది? ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చిరునామా, రెండో ముద్ర, రాత అన్నీ పొయ్యిలోకి పోయాయి. "మనిషి ఫోటోలో ముక్కు ఒక్కటే కత్తిరించి దాచుకున్నట్టుంది" అన్నారు మేడం.

కాబట్టి మొదటి నియమం: కత్తిరించవద్దు. కార్డయితే కార్డు మొత్తం, కవరైతే కవరు మొత్తం దాచాలి.

ఏడో కార్డు మీద కత్తెర పెట్టబోతుండగా ఇది జరిగింది. ఆ ఏడో కార్డు గురించే ఇప్పుడు చెప్పబోయేది. తాతను అడిగే రాస్తున్నాను.

పులి బొమ్మ కార్డు

అది పులి బొమ్మ ఉన్న పోస్టుకార్డు. రాత మొత్తం నీలం మరక. ఒక్క అక్షరం కూడా లేదు. కానీ ముద్రలు రెండూ ఉన్నాయి.

అందులో ఏం రాసి ఉండేదో తాతకు కంఠస్థం. మా తాతమ్మకు, అంటే తాత వాళ్ళ అమ్మకు, 1986లో జబ్బు చేసింది. మా పెదతాత, అంటే తాత వాళ్ళ అన్న, ఆమెను లాంచీలో రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. పెదతాతకు చదువు రాదు. పక్క మంచం వాళ్ళెవరితోనో "అమ్మకు బాలేదు, వెంటనే రా" అని కార్డు రాయించాడు. రాసినాయన తేదీ వేయలేదు.

ఇక్కడ తాతకు కార్డు అందలేదు. తాతమ్మ ఆగస్టు నెలాఖరులో పోయింది. సెప్టెంబరు మొదటి వారంలో పెదతాత ఒక్కడే తిరిగొచ్చి ఆ సంగతి చెప్పాడు. "నాకెందుకు చెప్పలేదు?" అని తాత. "కార్డు వేశాను గదరా" అని పెదతాత. రాని కార్డు మాట ఎవరు నమ్ముతారు? పెద్ద గొడవైంది. ఆ తరువాత నాలుగైదు రోజులకు కార్డు వచ్చింది. ఎవరో చదివి వినిపించారు. తాతకు ఇంకా కోపం వచ్చింది. గొడవయ్యాక, అబద్ధం కప్పిపుచ్చుకోవడానికి ఇప్పుడు రాయించి వేశాడని అనుకున్నాడు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఒక పండక్కి కాదు, రెండు పండగలకు కాదు. పెదతాత నాలుగేళ్ళ క్రితం చనిపోయాడు. అప్పటిదాకా మాటల్లేవు. మా నాన్న మాత్రం చావుకు వెళ్ళాడు. తాత వాకిట్లోనే కూర్చున్నాడు.

నేను సైన్సు ల్యాబులోని భూతద్దం అడిగి తెచ్చుకుని, టార్చిలైటు పక్కనుంచి వాలుగా పెట్టి చూశాను. పులి బొమ్మ మీద ముద్ర: రాజమండ్రి, 11-8-86. చిరునామా పక్కన చేరిన ముద్ర: 9-9-86.

మూడుసార్లు చూశాను. ఆగస్టు 11న వేసిన కార్డు సెప్టెంబరు 9న చేరింది. మధ్యలో ఏం జరిగింది? 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. అంతటి వరద మళ్ళీ ఇప్పటిదాకా రాలేదు. లాంచీలు లేవు, బస్సులు లేవు, దార్లు లేవు. కార్డు ఎక్కడో ఒక సంచిలో, నీళ్ళు ఎప్పుడు తీస్తాయా అని కూర్చుంది.

తాతకు చెప్పే ముందు సోషల్ మేడంని అడిగాను. ఎందుకంటే ముద్రలు కూడా తప్పు చెప్పవచ్చు. గుమస్తా తేదీ ముక్క మార్చడం మరిచిపోతాడు. జనవరి మొదటి వారంలో పాత సంవత్సరమే పడిన ముద్రలు కూడా ఉంటాయట. మేడం ఇలా చెప్పారు: "గొడవ తరువాత వేసిన కార్డయితే సెప్టెంబరు ముద్ర పడాలి. ఒక అంకె తప్పు పడవచ్చు. తేదీ, నెల రెండూ తప్పుగా ఉండి, అవి కూడా వరదకు ముందు రోజుకే సరిగ్గా సరిపోవడం మాత్రం జరగదు. కానీ ముద్ర చెప్పేది కార్డు పోస్టాఫీసు చేతికి ఎప్పుడు వచ్చిందో అంతవరకే. ఎవరి మనసులో ఏముందో అది చెప్పదు. అంతవరకే చెప్పు."

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పాను. తాత కార్డును తిప్పి తిప్పి చూశాడు. ఆయనకు అంకెలు మాత్రం వచ్చు. "పదకొండు... ఎనిమిది" అని వేలితో తడిమాడు. "ఇది ఇన్నేళ్ళూ నా పెట్టెలోనే ఉందిగదే" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. తెల్లారి స్నానం చేసి, కార్డును పట్టా కాగితాల కవర్లో పెట్టుకుని, ఆటో ఎక్కి పెద్దవ్వ వాళ్ళ ఊరికి వెళ్ళాడు. నన్ను రావద్దన్నాడు. రెండు రోజులు అక్కడే ఉండి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చేటప్పుడు పెద్దవ్వ ఇచ్చిన చింతపండు, జీలుగు బెల్లం మాత్రం సంచినిండా తెచ్చాడు.

నేను ఆ రోజు కత్తెర పెట్టి ఉంటే, గుండ్రటి ముక్కలో 11-8-86 మిగిలేది. 9-9-86 పొయ్యిలో కాలేది. ఒక్క తేదీతో తాత నమ్మేవాడు కాదు. రెండూ ఉంటేనే సాక్ష్యం.

మీరు సేకరించాలంటే

డబ్బు ఖర్చు లేదు. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. రేకుపెట్టెల్లో, దూలాల సందుల్లో, దేవుడి గూట్లో పాత కార్డులు ఉంటాయి. పెళ్ళి శుభలేఖల కవర్లు, మనియార్డరు రసీదులు, ఉద్యోగం ఆర్డరు వచ్చిన కవర్లు కూడా పనికొస్తాయి. అడగకుండా తీసుకోవద్దు. లోపలి ఉత్తరం అనుమతి లేకుండా చదవవద్దు. మనకు కావలసింది పైనున్న ముద్ర.

బంక, సెల్లోటేపు, లామినేషన్ వద్దే వద్దు. సెల్లోటేపు కొన్నాళ్ళకు పసుపురంగు తిరిగి కాగితాన్ని తినేస్తుంది. తెల్లకాగితంతో నాలుగు చిన్న మూలలు మడిచి, వాటిలో కార్డు మూలలు దోపితే సరిపోతుంది. కార్డు మీద పెన్నుతో ఏమీ రాయకండి. పక్క కాగితం మీద పెన్సిలుతో రాయండి: ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ముద్రలో ఏముంది.

తడిసిన కార్డులను ఎండలో పెట్టకండి, వంగిపోతాయి. న్యూస్ పేపరు మీద పెట్టకండి, దాని అచ్చు అంటుకుంటుంది. నీడలో, తెల్లగుడ్డ మీద ఆరబెట్టండి. ఆరాక లావుపాటి పుస్తకం కింద పెట్టండి. చెదపురుగులు రాకుండా పెట్టెను నేలమీద కాక ఎత్తున ఉంచండి.

ముద్ర సగమే పడితే దిగులు పడకండి. అదే ఊరి ముద్ర ఇంకో కార్డు మీద మిగతా సగం పడి ఉండవచ్చు. రెండింటినీ ట్రేసింగ్ కాగితం మీద దించి కలిపితే పూర్తి గుండ్రం వస్తుంది. నేను మూడు కార్డుల నుంచి ఒక ఊరి ముద్ర అలా పూర్తి చేశాను.

కొత్త ముద్రలు కావాలంటే ఒక పోస్టుకార్డు కొని మీ చిరునామాకే మీరు వేసుకోండి. నేను కొన్న కార్డు 50 పైసలు. "ముద్ర కొంచెం స్పష్టంగా కొట్టండి సార్" అని మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. స్పీడు పోస్టు కవర్ల మీద ఇప్పుడు స్టాంపుకు బదులు గీతల చీటీ అంటిస్తున్నారు. చేతిముద్ర పడే ఉత్తరాలు తగ్గిపోతున్నాయి. కాబట్టి ఈ పని రేపటికి వాయిదా వేసేది కాదు.

మీకు తెలుసా?

ప్రపంచంలో విమానంలో మొదటిసారి అధికారికంగా ఉత్తరాలు వెళ్ళింది మన దేశంలోనే. 1911 ఫిబ్రవరి 18న హెన్రీ పెకే అనే ఫ్రెంచి పైలటు అలహాబాదు నుంచి యమునకు అవతలున్న నైనీకి దాదాపు 6,500 ఉత్తరాలు తీసుకెళ్ళాడు. వాటి కోసం ప్రత్యేకంగా ఒక ముద్ర చేయించారు. ఆ ముద్ర ఉన్న కవర్లకు సేకరణకర్తలు ఎంతైనా పెడతారు.

చివరిగా ఒక మనవి

నా దగ్గర ఇప్పటికి 43 కార్డులు, కవర్లు ఉన్నాయి. చింతూరు, కూనవరం, భద్రాచలం, రంపచోడవరం, పాడేరు వైపువి. సీతంపేట, ఉట్నూరు వైపు ఊళ్ళవి ఒక్కటి కూడా లేవు. ఆ వైపు చుట్టాలున్న అక్కాచెల్లెళ్ళు వేసవి సెలవుల్లో వెతికి తెస్తే, మనందరి పేరు మీద ఒక ఆల్బం చేసి లైబ్రరీలో పెడదాం. ఇచ్చినవాళ్ళ ఊరు, ఇంటిపేరు పక్కన రాస్తాను. వార్డెన్ మేడం గారు ఒక పాత ఫైలు ఇప్పిస్తామన్నారు, వారికి కృతజ్ఞతలు.

ఈ వ్యాసంలో తప్పులుంటే క్షమించి, గోడపత్రిక పక్కన ఉన్న డబ్బాలో చీటీ వేయండి. చీటీ మీద తేదీ వేయడం మాత్రం మరిచిపోకండి!

ఇట్లు,
9వ తరగతి 'బి' సెక్షన్ విద్యార్థిని